మొమెంట్ ఎక్కడి నుంచి తీసుకోవాలి?

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో అడుగుపెట్టిన చాలామందిని ఒక లెక్క హడలెత్తిస్తుంది. ఒక కడ్డీ, దాన్ని పట్టుకున్న రెండు తాళ్లు, ఎక్కడో ఒక బరువు ఉంటాయి. తాళ్లలో టెన్షన్ ఎంత, గోడ దగ్గర రియాక్షన్ ఎంత అని అడుగుతారు. అంతదాకా చదునైన కాగితం మీద రెండు దిక్కుల్లో లెక్కలు చేసిన విద్యార్థికి మూడో దిక్కు కనపడగానే కలం ఆగిపోతుంది. ‘నాకు త్రీడీ రాదు’ అని తీర్పు ఇచ్చేసుకుని, ఆ ప్రశ్నను ఛాయిస్‌లో వదిలేస్తాడు.

నిజానికి ఈ లెక్కలో ఇంటర్‌లో నేర్చుకోని గణితం ఏమీ లేదు. వెక్టార్లు, క్రాస్ ప్రొడక్ట్, రెండు మూడు సమీకరణాలు, అంతే. కష్టమంతా ఒక్క నిర్ణయంలో ఉంది: మొమెంట్ ఏ బిందువు నుంచి, ఏ గీత చుట్టూ తీసుకోవాలి? ఈ నిర్ణయం సరిగ్గా పడితే పేజీ లెక్క నాలుగు వరసల్లో తేలిపోతుంది. తప్పుగా పడితే ఆరు సమీకరణాలు, ఆరు తెలియనివి ముందేసుకుని అరగంట పోగొట్టుకుంటాం. ఈ అధ్యాయంలో నేర్చుకోబోయేది ఆ నిర్ణయాన్నే.

ముందు తలెత్తి చూడండి

పుస్తకం తెరిచే ముందు ఒక సాయంత్రం హైదరాబాద్‌లో అబిడ్స్ జీపీవో దగ్గర మొదలుపెట్టి నాంపల్లి స్టేషన్ దాకా నడవండి. కళ్లు రోడ్డు మీద కాకుండా పైన పెట్టండి (మిగతా జనంతో పాటు మీరూ క్షేమంగా ఉండాలి కాబట్టి ఫుట్‌పాత్ దిగకండి). గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప పైపులు, వాటికి వేలాడే షాపు బోర్డులు, ఆ పైపుల కొస నుంచి గోడ పైభాగానికి ఏటవాలుగా వెళ్లే తీగలు కనిపిస్తాయి. రోడ్డు మలుపు తిరిగే చోట కరెంటు స్తంభానికి ఒక వైపు నుంచి నేలలోకి దిగిన స్టే వైరు కనిపిస్తుంది. మలుపు దగ్గర లైను తీగలు స్తంభాన్ని ఒక పక్కకు లాగుతాయి. ఆ లాగుడుకు ఎదురుగా స్టే వైరు బిగుస్తుంది.

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా అయితే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ ఉంటుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పుడున్న మైదానానికి మారిన ఈ ప్రదర్శనకు జనం తినడానికి, కొనడానికి, జెయింట్ వీల్ ఎక్కడానికి వెళ్తారు. స్టాటిక్స్ చదివే విద్యార్థికి మాత్రం అక్కడ ఇంకో పని ఉంది. స్టాళ్ల మీద గుడ్డ కప్పిన కర్రలను, వాటిని నాలుగు వైపులా లాగి పట్టిన తాళ్లను చూడాలి. ఏ తాడు బిగుతుగా ఉంది, ఏది వదులుగా వేలాడుతోంది, ఒక్క తాడు విప్పేస్తే కర్ర ఎటు పడుతుంది అని తనను తాను అడుగుతూ తిరగాలి. ఆ మైదానంలోనే ఎగ్జిబిషన్ సొసైటీ నడిపే కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఉంది. క్లాసు గదికీ, తాళ్లు బిగించిన కర్రలకూ మధ్య దూరం అక్కడ ఒక ప్రహరీ గోడంత కూడా ఉండదు.

ఈ చూపు ఎందుకంటే, త్రీడీ లెక్క తప్పయ్యేది చాలాసార్లు క్రాస్ ప్రొడక్ట్‌లో కాదు, బొమ్మ అర్థం చేసుకోవడంలో. తాడు మన వైపు వస్తోందా, వెనక్కి పోతోందా అన్నది కాగితం మీద తేలదు. వీధిలో చూసిన కళ్లకు తేలుతుంది.

లెక్క ఇదీ

స్టేషన్ రోడ్డులో ఒక షాపు అనుకుందాం. గోడకు వీపు ఆనించి రోడ్డు వైపు చూస్తూ నిలబడితే నాంపల్లి స్టేషన్ మీ కుడి వైపు, జీపీవో ఎడమ వైపు. గోడలో ‘ఏ’ అనే చోట ఒక పైపును బాల్ అండ్ సాకెట్‌తో బిగించారు. అంటే ఎటైనా తిరగగలదు కానీ ఊడిరాదు. పైపు 4 మీటర్లు, తిన్నగా రోడ్డు మీదికి పొడుచుకొచ్చింది. దాని కొస ‘బీ’. ఏ నుంచి 3 మీటర్ల దగ్గర 600 న్యూటన్ల బోర్డు వేలాడుతోంది. అంటే ఇంచుమించు 61 కిలోలు. పైపు సొంత బరువు వదిలేద్దాం.

బీ నుంచి గోడకు రెండు తాళ్లు. మొదటిది గోడ మీద ‘సీ’కి వెళ్తుంది: ఏ కన్నా 4 మీటర్లు పైన, జీపీవో వైపు 2 మీటర్ల దూరంలో. రెండోది ‘డీ’కి: ఏ కన్నా 2 మీటర్లు పైన, స్టేషన్ వైపు 4 మీటర్ల దూరంలో. టెన్షన్లు వరసగా టీ1, టీ2.

మొదటి అడుగు: తెలియనివి లెక్కపెట్టండి

సమీకరణం రాసే ముందు పైపును గోడ నుంచి, తాళ్ల నుంచి విడదీసి ఒంటరిగా గీయండి. దాని మీద ఏయే బలాలు పనిచేస్తున్నాయో బాణాలు పెట్టండి. తాడు ఎప్పుడూ లాగుతుందే కానీ నెట్టదు. కాబట్టి టీ1, టీ2 బాణాలు బీ నుంచి బయటికి, తాళ్ల వెంట ఉండాలి. ఏ దగ్గర మూడు రియాక్షన్లు: గోడ వెంట ఒకటి, రోడ్డు వైపు ఒకటి, పైకి ఒకటి.

మొత్తం తెలియనివి ఐదు. సమతాస్థితి ఇచ్చే సమీకరణాలు ఆరు: మూడు బలాలకు, మూడు మొమెంట్లకు. అయితే ఇక్కడ బలాలన్నీ పైపు గీత మీదే పనిచేస్తున్నాయి కాబట్టి పైపు తన చుట్టూ తాను తిరగడానికి సంబంధించిన మొమెంట్ ఎలాగూ సున్నా. మిగిలేవి ఐదు సమీకరణాలు, ఐదు తెలియనివి. లెక్క తేలుతుంది. ఈ ఒక్క నిమిషం పని చేయకుండా లెక్కలోకి దూకేవాళ్లే మధ్యలో ‘సున్నా ఈజ్ ఈక్వల్ టు సున్నా’ వచ్చిందని కంగారు పడతారు.

రెండో అడుగు: దిక్కులు రాయండి

ఎక్స్ అక్షం గోడ వెంట స్టేషన్ వైపు, వై అక్షం రోడ్డు వైపు, జెడ్ అక్షం పైకి. ఏ దగ్గర సున్నా. అప్పుడు:

బీ = (0, 4, 0)
సీ = (-2, 0, 4)
డీ = (4, 0, 2)

బీ నుంచి సీకి వెళ్లే దారి (-2, -4, 4). పొడవు 4 + 16 + 16 = 36కు వర్గమూలం, అంటే 6 మీటర్లు. బీ నుంచి డీకి (4, -4, 2). దాని పొడవూ 6 మీటర్లే. కాబట్టి:

టీ1 బలం = టీ1 × (-1/3, -2/3, 2/3)
టీ2 బలం = టీ2 × (2/3, -2/3, 1/3)

ఎప్పుడూ చివరి బిందువులోంచి మొదటి బిందువు తీసేయాలి. తాడు లాగేది బీని కాబట్టి బీ మొదటి బిందువు. ఇది తారుమారైతే తాడు నెడుతున్నట్టు అవుతుంది, లెక్కంతా తలకిందులవుతుంది.

మూడో అడుగు: ఎక్కడ నిలబడాలి?

ఐదు తెలియనివాటిలో మూడు ఏ దగ్గరే గుమిగూడి ఉన్నాయి. మొమెంట్‌ను ఏ నుంచి తీసుకుంటే ఆ మూడూ ఒక్క దెబ్బకు పోతాయి. ఎందుకంటే బలం గీత మనం నిలబడిన బిందువు గుండా వెళ్తే దాని మొమెంట్ సున్నా. తలుపును బందు దగ్గర ఎంత బలంగా నెట్టినా తెరుచుకోదు కదా, అదే సంగతి. సూత్రం ఇంతే: తెలియనివి ఎక్కువగా ఎక్కడ కలుస్తాయో అక్కడే నిలబడండి.

ఇప్పుడు మూడు మొమెంట్లనూ ఒట్టి అంకెలుగా కాక, పైపుకు పట్టబోయే మూడు గతులుగా చూడండి.

జెడ్ అక్షం చుట్టూ మొమెంట్ అంటే పైపు అడ్డంగా, జీపీవో వైపో స్టేషన్ వైపో ఊగిపోవడం. బోర్డు బరువు నిలువుగా కిందికి లాగుతుంది కాబట్టి ఈ ఊపులో దానికి పాత్ర లేదు. రెండు తాళ్ల పక్కలాగుళ్లు మాత్రమే మిగులుతాయి. అవి సమానం కావాలి: టీ1/3 = 2 × టీ2/3. అంటే టీ1 = 2 × టీ2.

ఎక్స్ అక్షం చుట్టూ మొమెంట్ అంటే పైపు కిందికి వాలిపోవడం. తాళ్లు పైకి లాగే భాగాలు 4 మీటర్ల దగ్గర, బరువు 3 మీటర్ల దగ్గర. అందుకని:

4 × (2/3 టీ1 + 1/3 టీ2) = 600 × 3

అంటే 2 × టీ1 + టీ2 = 1350. టీ1 = 2 × టీ2 అని పెడితే 5 × టీ2 = 1350.

టీ2 = 270 న్యూటన్లు, టీ1 = 540 న్యూటన్లు.

వై అక్షం చుట్టూ వచ్చేది ముందే చెప్పుకున్న సున్నా. ఇక బలాల సమీకరణాలు. గోడ వెంట రియాక్షన్ సున్నా. రోడ్డు వైపు గోడ పైపును నెట్టే బలం 2/3 × (540 + 270) = 540 న్యూటన్లు. తాళ్లు పైకి ఎత్తేది 360 + 90 = 450, బరువు 600, మిగిలిన 150 న్యూటన్లు ఏ దగ్గర గోడ మోస్తుంది. లెక్క పూర్తయింది.

నాలుగో అడుగు: బిందువు నుంచి గీతకు

పరీక్షలో ఒక్కోసారి ‘డీ తాడులో టెన్షన్ మాత్రం చెప్పండి’ అంటారు. అప్పుడు మొత్తం లెక్క చేయడం దండగ. బిందువు బదులు గీతను ఎంచుకోండి.

ఏ నుంచి సీకి గోడ మీద ఒక గీత ఊహించండి. ఏ దగ్గరి రియాక్షన్లన్నీ ఆ గీత మీదే ఉన్నాయి. మొదటి తాడు సీ దగ్గర ఆ గీతను తాకుతుంది. అంటే ఏసీ గీత చుట్టూ మొమెంట్ తీసుకుంటే నాలుగు తెలియనివి ఒకేసారి మాయం. మిగిలేది టీ2, బరువు, ఈ రెండే.

ఏ నుంచి టీ2 మొమెంట్ (4/3, 0, -8/3) × టీ2. బరువు మొమెంట్ (-1800, 0, 0). ఏసీ దిక్కు (-2, 0, 4), కుదిస్తే (-1, 0, 2). సమాధానం సున్నాకు సమానం చేయబోతున్నాం కాబట్టి దాన్ని యూనిట్ వెక్టార్‌గా మార్చే శ్రమ కూడా అక్కర్లేదు. డాట్ ప్రొడక్ట్ తీయండి:

-20/3 × టీ2 + 1800 = 0

టీ2 = 270. ఒకే సమీకరణం, ఒకే తెలియనిది. ఇలాగే ఏడీ గీత చుట్టూ తీసుకుంటే టీ1 నేరుగా 540 వస్తుంది. మీరే చేసి చూడండి.

ఇక్కడ చిట్కా ఒకటి చెబుతాను. మొమెంట్ కోసం తీసుకునే స్థాన వెక్టార్ బలం పనిచేసే బిందువుకే వెళ్లాలని లేదు. బలం గీత మీద ఎక్కడికైనా వెళ్లవచ్చు. టీ1కు బీ బదులు సీని తీసుకున్నా ఏ చుట్టూ మొమెంట్ (8/3, 0, 4/3) × టీ1 అనే వస్తుంది. రెండు బిందువుల్లో సున్నాలు ఎక్కువున్నది ఏదో చూసుకుని దాన్నే వాడండి. ఈ లెక్కలో అది బీ.

జవాబును పట్టి చూడండి

రెండు టెన్షన్లు కలిపితే 810. బోర్డు బరువు 600 మాత్రమే. ఇక్కడ చాలామంది తప్పు చేశామేమోనని వెనక్కి వెళ్లి కొట్టేస్తారు. తప్పేమీ లేదు. ఏటవాలు తాడు పైకి మాత్రమే లాగదు, వెనక్కీ పక్కకూ కూడా లాగుతుంది. ఆ పక్కలాగుళ్లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కానీ తాడు మాత్రం మొత్తం లాగుడునూ భరించాలి.

దీన్ని ఇంకొంచెం సాగదీద్దాం. షాపు యజమాని ‘తీగలు అంత పైకి ఎందుకు, కిందికి దించండి’ అన్నాడనుకోండి. సీని 2 మీటర్ల ఎత్తుకు, డీని 1 మీటరు ఎత్తుకు దించారు. బోర్డు అదే, పైపు అదే. ఇప్పుడు టీ1 సుమారు 882 న్యూటన్లు, టీ2 సుమారు 517 న్యూటన్లు. గోడ మీద నెట్టుడు 540 నుంచి 1080కి, సరిగ్గా రెండింతలు. తాడు చదునవుతున్న కొద్దీ లాగుడు పెరుగుతుంది. ఫంక్షన్‌కు షామియానా కట్టే పనివాళ్లు తాళ్లను కర్రకు వీలైనంత పైనే ముడివేస్తారు. వాళ్లు ఈ సమీకరణం రాయరు, దాని ఫలితం మాత్రం చేతితో తెలుసుకున్నారు.

ఈ రెండో లెక్కలో పొడవులు చక్కని అంకెలుగా రావు, 24కు, 33కు వర్గమూలాలు వస్తాయి. అలాంటప్పుడు టెన్షన్‌ను పొడవుతో భాగించి, ఆ భాగఫలాన్నే తెలియనిదిగా పెట్టుకోండి. సమీకరణాల్లో వర్గమూలం ఎక్కడా కనపడదు. చివర్లో పొడవుతో గుణిస్తే సరి.

ఒక టెన్షన్ రుణసంఖ్యగా వస్తే? రెండు తాళ్లనూ జీపీవో వైపే కట్టేసి చూడండి. జెడ్ చుట్టూ మొమెంట్ సున్నా కావాలంటే ఒక తాడు నెట్టాలని లెక్క చెబుతుంది. తాడు నెట్టదు. అంటే ఆ ఏర్పాటు నిలబడదు, పైపు జీపీవో వైపు ఊగిపోతుంది. ఇక్కడ రుణసంఖ్యను తప్పని కొట్టేయకుండా, ‘ఈ కట్టడం ఇలా కుదరదు’ అని లెక్క చెప్పిన మాటగా తీసుకోండి.

జారిపోయే చోట్లు

ఒకటి, లామీ సిద్ధాంతం. ఒకే తలంలో ఉండి, ఒకే బిందువు దగ్గర కలిసే మూడు బలాలకే అది వర్తిస్తుంది. త్రీడీ తాళ్లకు దాన్ని పూసేస్తే జవాబు అందంగా వస్తుంది, తప్పుగా వస్తుంది.

రెండు, క్రాస్ ప్రొడక్ట్ వరస. ముందు స్థానం, తర్వాత బలం. వరస మారితే గుర్తులన్నీ తిరగబడతాయి.

మూడు, వరిన్యోన్ సూత్రాన్ని మరిచిపోవడం. ఫ్రెంచి గణితవేత్త పియర్ వరిన్యోన్ చనిపోయిన మూడేళ్లకు 1725లో వెలువడిన ఆయన పుస్తకంలో ఈ విషయం ఉంది: ఒక బలం మొమెంట్, దాని భాగాల మొమెంట్ల మొత్తానికి సమానం. డిటర్మినెంట్ వేయడానికి భయపడేవాళ్లకు ఇది పెద్ద ఊరట. బలాన్ని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు దూరం చూసి గుణిస్తే చాలు. పైన మూడో అడుగులో మనం చేసింది అదే.

నాలుగు, తాళ్లు ఎక్కువైతే లెక్క సులువని అనుకోవడం. ఇదే పైపుకు మూడో తాడు కట్టండి. తెలియనివి ఆరు అవుతాయి, పనికొచ్చే సమీకరణాలు ఐదే. స్టాటిక్స్ ఒక్కటే ఇక చాలదు, తాళ్లు ఎంత సాగుతాయో కూడా తెలియాలి. తెలియనివి లెక్కపెట్టే అలవాటున్నవాడు దీన్ని మొదటి నిమిషంలోనే పసిగడతాడు.

సాధన

ఆదివారం ఉదయం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. తిమొషెంకో, యంగ్ రాసిన ఇంజినీరింగ్ మెకానిక్స్ మొదటి ముద్రణ 1937లో వచ్చింది. దాని తర్వాతి ముద్రణల కాపీలు, బీర్, జాన్‌స్టన్ పుస్తకాలు దొరికితే బేరమాడి తెచ్చుకోండి. ఎవరో పెన్సిల్‌తో పక్కన లెక్కలు చేసిన కాపీ అయితే మరీ మంచిది, కానీ ఆ లెక్కలు సరైనవో కావో మీరే తేల్చాలి.

తెచ్చాక వెంటనే లెక్కలు చేయకండి. మొదటి వారం త్రీడీ లెక్కల బొమ్మలు మాత్రమే చూడండి. ఒక్కో బొమ్మకు మూడు ప్రశ్నలు: తెలియనివి ఎన్ని? అవి ఎక్కువగా ఏ బిందువు దగ్గర కలుస్తున్నాయి? నాకు కావాల్సిన ఒక్కదాన్ని వదిలి, మిగతావన్నీ ఏ గీతను తాకుతున్నాయి? జవాబులు పక్కన రాసి పేజీ తిప్పేయండి. రెండో వారం నుంచి పూర్తిగా చేయండి. ఇద్దరు స్నేహితులు కలిసి కూర్చుని, ఒకరు బిందువు నుంచి, మరొకరు గీత నుంచి చేసి జవాబులు పోల్చుకుంటే ఇంకా బాగుంటుంది.

ఈ రోజుకు ఒక లెక్క ఇస్తాను. పైన చెప్పిన పైపునే తీసుకుని, బోర్డును 3 మీటర్ల దగ్గర నుంచి కొసకు, బీ దగ్గరికి జరపండి. టీ1 = 720, టీ2 = 360 రావాలి. ఏ దగ్గర పైకి వచ్చే రియాక్షన్ సున్నా కావాలి. అది ఎందుకు సున్నా అయిందో రెండు వాక్యాల్లో తెలుగులో రాయండి. అంకె రావడం కన్నా ఆ రెండు వాక్యాలు రావడమే ముఖ్యం.

త్రీడీ రాదనుకోవడం తెలివికి సంబంధించిన సంగతి కాదు. ఎదుట ఉన్న గందరగోళంలోకి దూకే ముందు, తెలియనివి ఎన్నో లెక్కపెట్టి, వాటిలో ఎక్కువ ఎక్కడి నుంచి చూస్తే మాయమవుతాయో వెతకడం అలవాటు కాకపోవడమే. అలవాటును ఎవరైనా చేసుకోవచ్చు. కాగితం తీసి, ముందు పైపును ఒంటరిగా గీయండి.